ప్రూఫ్ చూపించకుండా కార్డులు కొట్టించే తమ్ముడికి

తమ్మీ,

నీ పేరు రాయను. నీ దుకాణం ఏ సందులో ఉందో చెప్పను. జగిత్యాలలో, కోరుట్లలో, సిరిసిల్లలో నీలాంటోళ్లు చాలామంది ఉన్నారు, ఈ ఉత్తరం అందరికీ. బయట 'మల్టీకలర్ ప్రింటింగ్' అని బోర్డు ఉంటుంది. లోపల ఒక కంప్యూటర్, పాత కార్డుల ఆల్బం తప్ప మిషన్ ఉండదు. అడ్వాన్స్ తీసుకుంటావు, వాట్సాప్‌లో ఒక బొమ్మ పంపి 'ఓకేనా అన్నా' అంటావు, మేం సరిగ్గా చదివేలోపే ఫైలు హైదరాబాద్ పోతుంది. కొన్నాళ్లకు వెయ్యి కార్డుల డబ్బా వస్తుంది. తప్పు చూపిస్తే 'మీరు పంపిందే కొట్టిచ్చిన' అంటావు.

నాది కోరుట్లలో మోటార్ వైండింగ్ షాపు. నా విజిటింగ్ కార్డును రైతు జేబులో పెట్టుకోడు. బాయికాడికి తీసుకుపోయి స్టార్టర్ డబ్బా మూతకు లోపలివైపు అతికిస్తాడు. వరి పొట్టకొచ్చిన రోజుల్లో రాత్రిపూట మోటార్ కాలితే, సెల్ లైటు వేసి ఆ నంబరు చూస్తాడు. ఒక్క అంకె తప్పయితే ఫోన్ ఎవరికో పోతుంది, ఇక్కడ మడి ఎండుతుంది. మీలో ఒకరు నాకిచ్చిన లాటులో ఆ ఒక్క అంకే తప్పింది. పిన్‌కోడ్ కూడా జగిత్యాలది పడింది: 505327. కోరుట్లది 505326. 2016 అక్టోబర్ 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల వేరే జిల్లాలయ్యాయి. అయినా పాత ఫైలు మీదే కొత్త పేరు ఎక్కించే అలవాటు వల్ల ఇప్పటికీ కొందరి కార్డుల కింద 'కరీంనగర్ జిల్లా' అని వస్తుంది. నంబరు ముందు +91 వేయమంటే స్థలం లేదని తీసేస్తారు. ఈ ఊళ్ల నుంచి దుబాయ్, సౌదీ పోయినోళ్లు ఇంటికాడి మోటార్ బాగుచేయించమని అక్కడి నుంచే ఫోన్ చేస్తారు తమ్మీ, ఆ మూడు గుర్తులు వాళ్ల కోసమే.

తెలుగు అక్షరాల సంగతి ఇంకా బాధ. మేం ఫోన్‌లో టైపు చేసి పంపేది యూనికోడ్. నీ దగ్గర ఉన్నవి పేజ్‌మేకర్, పాత కోరల్‌డ్రా, అను ఫాంట్లు. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చింది, యూనికోడ్ తెలుగును అది అసలు గుర్తుపట్టదు. మా మెసేజ్‌ను కాపీ చేసి అందులో అతికిస్తే చతురస్రాల డబ్బాలు పడతాయి, లేకుంటే ఒత్తులు ఊడి పక్కన నిలబడతాయి. సరైన పద్ధతి నీకు తెలియంది కాదు. కన్వర్టర్‌లో వేసి మార్చాలి, లేదా మళ్లీ టైపు చేయాలి, అక్షరం అక్షరం చదవాలి, ఆ తర్వాత కర్వ్స్ చేసి పంపాలి. అప్పుడు అవతలివాళ్ల సిస్టంలో ఆ ఫాంటు లేకున్నా అక్షరం చెదరదు. వీటిలో నువ్వు వదిలేస్తున్నది చదవడం ఒక్కటే, అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. కోరుట్ల, జగిత్యాల బజార్లలో చాలామందికి కార్డు మీద ఉర్దూ కూడా కావాలి. అక్షరాలు విడివిడిగా, వెనక నుంచి ముందుకు తిరగబడి అచ్చయిన కార్డు నేను చూశాను. ఉర్దూ చదవగలిగిన మనిషి పక్క దుకాణంలోనే ఉంటాడు, పిలిచి ఒకసారి చూపిస్తే పోయేదేముంది?

మా చెల్లె సిరిసిల్లలో లంగాలు కుట్టించి వేరే ఊళ్ల వ్యాపారులకు పంపుతుంది. కార్డు ముందు జీఎస్టీ నంబరు, 15 అక్షరాలు, తెలంగాణ కాబట్టి 36తో మొదలు. వెనక డబ్బులకు క్యూఆర్ కోడ్, మూలకు లోగో. అచ్చుకు బొమ్మలో అంగుళానికి 300 చుక్కలుండాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే బొమ్మ పలచబడిపోతుంది. 'డాక్యుమెంట్‌గా పంపు అక్కా' అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. లోగో మసక, క్యూఆర్ స్కాన్ కాదు, నెమలికంఠం రంగు బూడిదబారింది. ఫోన్ తెర వెలుగుతో చూపించే రంగు వేరు, సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాలతో కాగితం మీద పడే రంగు వేరు. పైగా చాలామంది కార్డులు ఒకే పెద్ద షీటు మీద కలిపి కొడతారు గనక ఒకరి కోసం సిరా పెంచడం, తగ్గించడం కుదరదు. అలా కలిపి కొట్టడం వల్లే రేటు తక్కువ. అందులో తప్పేం లేదు, కానీ ముందే చెప్పాలి. 'సేమ్ ఇట్లనే వస్తది' అని మాటివ్వద్దు.

అదే సిరిసిల్లలో వెల్ది హరిప్రసాద్ తన మగ్గం మీద జీ20 లోగో నేశాడు. 2022 నవంబర్‌లో ప్రధాని 'మన్ కీ బాత్'లో ఆ సంగతి చెప్పారు. లోగోను పోగు పోగుగా నేసే ఊళ్లో ఒక ఆడమనిషి తన లోగోను మసకగా పంచుకోవాల్సి రావడం నాకు మనసులో గుచ్చుకుంటోంది.

మిషన్ లేకపోవడం నీ తప్పని నేననను. సిరిసిల్లలో ఆసామి కూడా యజమాని దగ్గర నూలు తెచ్చుకొనే సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపిస్తాడు. నూలు ఎవరిదో, బట్ట ఎవరికి పోతుందో దాచడు. నీ దగ్గర కార్డు ఎక్కడ అచ్చయిందో అడిగినా చెప్పవు. ఎన్నికల కరపత్రం మీద ప్రింటర్ పేరు, చిరునామా వేయాలని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షన్ చెప్తుంది. విజిటింగ్ కార్డుకు ఆ షరతు లేదు. షరతు లేకున్నా ప్రెస్ పేరు బిల్లు మీద రాసివ్వొచ్చు కదా.

కార్డులెక్కడ కొట్టించాలని నన్ను అడిగేవాళ్లకు రేటు చివర మాట్లాడండి అంటున్నాను. ముందు 300 జీఎస్ఎం, 350 జీఎస్ఎం కాగితాలు రెండూ చేత్తో పట్టుకొని చూడండి. లామినేషన్ శాంపిల్ తడిపి చూడండి. మూడున్నర అంగుళాలు, రెండు అంగుళాల అసలు సైజులో కాగితం మీద తీసిన ప్రూఫ్ అడగండి. ఆ ప్రూఫ్ చూసే నంబరు కొట్టండి, మీ ఫోన్ మోగాలి. క్యూఆర్ కూడా దాని మీదే స్కాన్ చేయండి. అక్షరాలు అంచుకు మూడు మిల్లీమీటర్లకన్నా దగ్గరుంటే కటింగ్‌లో పోతాయి, లోపలికి జరపమనండి. అన్నీ సరిపోతే సంతకం పెట్టండి. డిజైన్ ఫైలు కూడా తీసుకోండి, దానికి డబ్బులిచ్చింది మీరే.

ఇంకో పని కూడా నీ చేతిలో ఉంది తమ్మీ. 'విదేశాల్లో ఉద్యోగాలు' అని కార్డు కొట్టించమని ఎవరైనా వస్తే రిజిస్ట్రేషన్ నంబరు అడుగు. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం అది లేకుండా విదేశాలకు మనుషులను పంపే పని చేయకూడదు. నంబరు లేని కార్డు నువ్వు కొట్టించకుంటే, దాన్ని నమ్మి అప్పు చేసే ఇల్లు ఒక్కటైనా తగ్గుతుంది.

ఊళ్లో మనిషి ఉండగా బయటి నుంచి తెప్పించుకోవడం నాకిష్టం లేదు. యాసంగి నాట్లకు ముందు నాకు మళ్లీ కార్డులు కావాలి. ప్రూఫ్ తీసే ఖర్చు నా బిల్లులోనే వేయి. కాగితం మీద తీసి ఫోన్ చెయ్యి, షాపు కాసేపు మూసి నేనే వచ్చి చదువుతా.