అరగంట సరంగు

పాత చిత్తూరు జిల్లాలో పడవెక్కే అలవాటు మొదటినుంచీ దేవుళ్ళదే. ఏటా ఫాల్గుణ పౌర్ణమికి ముగిసేలా తిరుమల పుష్కరిణిలో ఐదు రోజుల తెప్పోత్సవం జరుగుతుంది. మొదటి రోజు సీతాలక్ష్మణులతో రాముడు, రెండో రోజు రుక్మిణితో కృష్ణుడు, తక్కిన మూడు రోజులూ శ్రీదేవి భూదేవులతో మలయప్పస్వామి తెప్ప మీద విహరిస్తారు. తిరుచానూరులో అమ్మవారికీ, కాణిపాకంలో వినాయకుడికీ తెప్ప కడతారు. మనుషుల సంగతి వేరు. స్వర్ణముఖిలో ఏడాదిలో చాలా నెలలు కనిపించేది ఇసుకే. ఈశాన్య రుతుపవనం కరుణిస్తే అక్టోబరు, డిసెంబరు నెలల మధ్య చెరువు నిండుతుంది, మరవ పారుతుంది, గంగమ్మకు పొంగళ్ళు పెడతారు. ఆ నీళ్ళు మడికి, గొడ్డూగోదకు. వాటి మీద ఊరికే తిరిగి రావాలన్న ఆలోచన ఏ తాతకూ రాలేదు. వచ్చుంటే ఆయకట్టు రైతులు కట్టెలు పట్టుకుని గట్టు మీద కాచుకుని ఉందురు.

అటువంటి గడ్డ మీద పుట్టి, యాభై ఏళ్ళు నిండాక, చంద్రగిరి కోట చెరువు దగ్గర అరగంటకు టికెట్టు తీసుకుని నాలుగు సీట్ల పెడల్ బోటెక్కే పెద్దమనిషే అరగంట సరంగు.

ఆయన టమాటా మండీలో దళారి కావచ్చు, బ్యాంకులో మేనేజరు కావచ్చు, హెడ్మాస్టరుగా రిటైరై ఉండవచ్చు. గట్టు మీద ఉన్నంతసేపూ మామూలు మనిషే. చెనక్కాయలు కొంటాడు, పొట్లం చిన్నదని గొణుగుతాడు, పిల్లకాయలను నీళ్ళ దగ్గరికి పోవద్దని అదిలిస్తాడు. బోటులో ఒక కాలు పెట్టగానే మారిపోతాడు. గొంతు ఒక మెట్టు పైకెక్కుతుంది. బోటు ఒరుగుతుంది. ఒరిగింది తన బరువుకే అయినా, "అందరూ ఒకపక్కే ఎందుకు కూర్చుంటా ఉండారు?" అని కేకేస్తాడు. అప్పటికి బోటులో ఆయన తప్ప ఎవరూ ఉండరు.

ఎక్కేముందు టికెట్లిచ్చే కుర్రాడికి చరిత్ర పాఠం జరిగి తీరాలి. ఎదురుగా రాజమహల్ ఉంది కదా. కలప లేకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారని చెబుతాడు. అది నిజమే. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు పెనుగొండకు, అక్కడి నుంచి చంద్రగిరికి వచ్చారని చెబుతాడు. అదీ నిజమే. 1639లో ఇంగ్లీషు కంపెనీకి చెన్నపట్నంలో చోటు ఇచ్చిన సంగతికి వచ్చేసరికి మాత్రం, పట్టా మీద సంతకం పడేటప్పుడు ఆయన పక్కనే నిలబడి ఉన్నాడని తెలిసిపోతుంది. వెనక క్యూ పెరుగుతూ ఉంటుంది. కుర్రాడు ఈ కథను ప్రతి ఆదివారం వేర్వేరు నోళ్ళలో వింటాడు గనుక, లైఫ్ జాకెట్లు చేతికిచ్చి "పోండి సామీ" అంటాడు.

సరంగు కూర్చునేది వెనక సీట్లో. ఇది చాలా ముఖ్యం. నాలుగు సీట్ల పెడల్ బోటులో తొక్కే పెడళ్ళు ముందు సీట్ల కిందే ఉంటాయి. ముందువాళ్ళిద్దరూ తొక్కితే కింద తెడ్ల చక్రం తిరిగి బోటు కదులుతుంది. ఇద్దరి మధ్యా ఉన్న కడ్డీని తిప్పితే వెనక చుక్కాని తిరుగుతుంది. అంటే చాకిరీ, చుక్కాని రెండూ ముందు సీటువే. వెనక మిగిలింది అధికారం ఒక్కటే. సరంగు దాన్ని పూర్తిగా స్వీకరిస్తాడు.

"ఎడమకి తిప్పురా! ఎడమకి!"

"నాయనా, నీ ఎడమా, మా ఎడమా?"

ఆ ప్రశ్నలో న్యాయముంది. కొన్ని బోట్లలో వెనక సీట్లు వెనక్కి తిరిగి ఉంటాయి, ఇదీ అలాంటిదే. సరంగు చూస్తున్నది ఇప్పుడే వదిలి వచ్చిన గట్టును. పోవాల్సిన దిక్కు ఆయన వీపు వెనక ఉంది. అయినా దారి చెప్పడం ఆపడు. ఆపితే తొక్కమంటారేమోనని భయం.

తొక్కేది భార్య, కొడుకు. కొడుకు మొదటి ఐదు నిమిషాలు సైకిల్ పందెంలా తొక్కి, ఆరో నిమిషానికి ఫోను తీస్తాడు. ఆ తర్వాత బోటును నడిపేది ఆ తల్లే. ఇరవై ఏళ్ళుగా కుట్టుమిషన్ తొక్కిన కాళ్ళు ఆమెవి. తొందర లేదు, ఆయాసం లేదు, ఒకటే లయ. చీర కుచ్చిళ్ళు ఒకచేత్తో పట్టుకుని, రెండో చేత్తో కడ్డీ తిప్పుతూ ఉంటుంది. చెరువులో ఆ సాయంత్రం బోటు నడపడం తెలిసిన మనిషి ఎవరైనా ఉన్నారంటే ఆమే. ఆ సంగతి ఆమె చెప్పదు. "ఏమయ్యా, నువ్వు గూడా రెండు తొక్కుళ్ళు తొక్కితే అరిగిపోతావా?" అని మాత్రం అంటుంది. "నేను తొక్కితే దారి చూసేదెవరు?" అంటాడు సరంగు, గట్టు వైపే చూస్తూ.

ఎప్పుడో ఒకసారి ఆయన జోక్యం చేసుకోక తప్పదు. గాలి తిరుగుతుంది. ఫైబర్ బోటు తేలిక. నీళ్ళ కింద ఉండేది కొంచెం, గాలికి దొరికేది ఎక్కువ. అడ్డంగా జరిగి గట్టు వారనున్న తుంగలో దూరుతుంది. తెడ్ల చక్రానికి నాచు చుట్టుకుంటుంది. తొక్కడం ఆగిపోతుంది. అప్పుడు సరంగు వెనక్కి తిరిగి, చెయ్యి చాపి కడ్డీ పట్టుకుని ఇటు అటు లాగుతాడు. బోటు కదలదు. నీళ్ళు పక్కనుంచి పారుతుంటేనే చుక్కాని పనిచేస్తుంది, నిలబడిన బోటులో ఎంత లాగినా అలంకారమే. "బోటే సరిగా లేదు" అని తేల్చేస్తాడు. ఆమె మాట్లాడకుండా నాలుగు తొక్కుళ్ళు వెనక్కి తొక్కుతుంది. చక్రం ఎదురు తిరుగుతుంది, నాచు వదులుతుంది, బోటు బయటపడుతుంది. "చూసినావా, నేను లాగినాక ఎట్ట వచ్చిందో" అంటాడు.

గట్టు మీద ఈల మోగుతుంది.

"సార్, టయమైపాయ! గట్టుకు రాండి!"

"వస్తా ఉండాం కదప్పా!" అని అరిచి, భార్యతో మెల్లగా "ఇంకో చుట్టు కొట్టు" అంటాడు. చుట్ల లెక్కలో ఆయనకు పైవాళ్ళే ప్రమాణం. తిరుమల తెప్పోత్సవంలో మూడో రోజు స్వామి మూడు చుట్లు తిరుగుతాడు, నాలుగో రోజు ఐదు, చివరి రోజు ఏడు. స్వామికి ఎవరూ ఈల వేయరు. సరంగుకు రెండో చుట్టులోనే వేశారు. దిగాక వాదం మొదలు. తుంగలో ఇరుక్కున్న సమయం బోటుదే గానీ తనది కాదంటాడు. గట్టుకు తిరిగొచ్చే సమయం లెక్కలోకి రాదంటాడు. ఎక్కడానికి పట్టిన సమయం కూడా రాదంటాడు. ఈ లెక్కన ఆయన బోటులో గడిపిన సమయమే లేదు. కుర్రాడు నవ్వి తర్వాతి కుటుంబానికి జాకెట్లు ఇస్తాడు.

చంద్రగిరి ఈయనకు చిన్నదైపోయాక పులికాట్ గుర్తొస్తుంది. ఉమ్మడి చిత్తూరు జిల్లాకు సముద్రమే లేదు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడి సూళ్ళూరుపేట, తడ ఇటు కలిశాక, పొద్దున లేచేసరికి సరంగు తీరవాసి అయిపోయాడు. "మన పులికాట్" అనడానికి ఆయనకు వారం కూడా పట్టలేదు. దేశంలో చిలక తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు అదే. 2025 జనవరిలో మూడు రోజుల ఫ్లెమింగో పండుగకు ఆ సరస్సు ఒడ్డున బీవీ పాళెం వెళ్ళి పడవెక్కిన సరంగులు ఎక్కడివాళ్ళో చూడగానే తెలిసిపోయింది. రెండు చేతులతో అంచు పట్టుకుని, కళ్ళు మూసుకుని గోవింద నామాలు చెప్పుకున్నారు. పులికాట్ చాలాచోట్ల లోతు తక్కువ. జాలరి పొడుగాటి గెడను అడుగుకు ఆనించి పడవను తోస్తుంటాడు. కాస్త దూరంలో పక్షులు అదే నీళ్ళలో నింపాదిగా నిలబడి మేస్తుంటాయి. కళ్ళు తెరిస్తే సరంగుకూ కనబడును.

హొగెనక్కల్‌లో కథ మరోలా ఉంటుంది. అక్కడ కావేరి మీద పుట్టిలో ఎక్కించుకుంటారు. వెదురు తడికె గుండ్రంగా అల్లి, కిందివైపు ఒకప్పుడు తోలు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా కప్పి చేసే పడవ అది. తమిళంలో పరిసల్ అంటారు. దానికి ముందూ వెనకా ఉండవు గనుక వెనక సీటూ ఉండదు. సరంగుకు మొదటి ఇబ్బంది అక్కడే. నిదానంగా ఉన్నచోట "నాకియ్యప్పా" అని తెడ్డు అడిగి తీసుకుంటాడు. ఒకపక్కనే వేస్తాడు, పుట్టి ఉన్నచోటనే గిరగిరా తిరుగుతుంది. మనవరాలు చప్పట్లు కొడుతుంది. పడవవాడు తెడ్డు తీసుకుని, ముందువైపు నీళ్ళను తనవైపు లాగుతూ తిన్నగా నడిపిస్తాడు. ఆ రోజంతా సరంగు కావేరి ప్రవాహాన్ని తప్పుపడుతూ ఉంటాడు.

ఆయన మనసుకు నిజంగా నచ్చిన పడవ మన దేశంలో లేదు. కొడుకు దగ్గరికి అమెరికా వెళ్ళినప్పుడు బోస్టన్‌లో దొరికింది. అక్కడి పబ్లిక్ గార్డెన్ చెరువులో 1877లో రాబర్ట్ పాజెట్ అనే ఆయన హంస పడవలు మొదలుపెట్టాడు. ఆ కుటుంబమే తరతరాలుగా నడుపుతోంది. జనం బల్లల మీద వరుసగా కూర్చుంటారు. వెనక పెద్ద హంస బొమ్మ ఉంటుంది, దాని రెక్కల మధ్య కూర్చుని ఒక కుర్రాడో అమ్మాయో అందరి తరఫునా తొక్కుతారు. సరంగు ఆ ఏర్పాటును చాలాసేపు మెచ్చుకున్నాడు. "ఇదీ పద్ధతంటే" అన్నాడు. భార్య జీవితంలో మొదటిసారి పడవలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఆయన అలవాటు కొద్దీ "ఎడమకి" అన్నాడు. హంసకు తెలుగు రాదు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. లైఫ్ జాకెట్ దగ్గర మాత్రం సరంగును క్షమించలేం. దాన్ని ఆయన చంటిబిడ్డల సరుకు అనుకుంటాడు. వేసుకున్నా పట్టీలు బిగించడు, ఫోటోకు అడ్డమని తీసి ఒళ్ళో పెట్టుకుంటాడు. "బావిలో ఈత నేర్చినోళ్ళం మనం, మనకెందుకప్పా ఇది?" అంటాడు. బావిలో ఎలా నేర్చాడు? వాళ్ళ నాయన వీపుకు బెండు కట్టి దింపితే నేర్చాడు. జాకెట్లో ఉన్నదీ తేలే బెండే, కొంచెం నాగరికంగా కుట్టారు, అంతే. 2017 నవంబరు 12న విజయవాడ దగ్గర పవిత్ర సంగమంలో అనుమతి లేని పడవ తిరగబడింది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పాపికొండల యాత్ర బోటు మునిగి పదులమంది పోయారు. ఆ తర్వాతే, 2020లో, బోట్ల రాకపోకలను కనిపెట్టడానికి రాష్ట్రంలో తొమ్మిది చోట్ల కంట్రోల్ రూములు పెట్టారు. కోట చెరువు గోదావరి కాదు, నిజమే. అయినా ఒక్కసారి ఒరిగిన బోటులో నిలువెత్తు మనిషి లేచి నిలబడితే ఏమవుతుందో సరంగుకు తప్ప అందరికీ తెలుసు.

మీ ఇంట్లోనూ ఇలాంటి సరంగు ఒకాయన ఉండే ఉంటాడు. ఈసారి చంద్రగిరి వెళ్ళినప్పుడు ఆయన్ను ముందు సీట్లో కూర్చోబెట్టండి. జాకెట్ పట్టీలు మాత్రం ఆయన చేతికి వదలొద్దు, మీరే బిగించండి.