కైలాసం మడి

బిష్టుపూర్ రామమందిరం వెనక సందులో మూడో అంతస్తు వాటా. మెట్లెక్కేసరికి నాకు ఆయాసం వచ్చింది. ముందు నడుస్తున్న మావయ్యకి రాలేదు. ఆయనకి 68 ఏళ్లు. ఇనుప కొలిమి పక్కన ఇరవై ఏళ్లు ఎండిన ఒళ్లు.

మావయ్యంటే మా అమ్మ తోబుట్టువు కాదు, ఊరి వరస. శ్రీకాకుళం జిల్లాలో మా ఇంటికి నాలుగిళ్ల అవతల వాళ్లిల్లు. నేను పుట్టకముందే ఆయన టాటా వచ్చేశాడు. మా వైపు జంషెడ్‌పూర్ అని ఎవరూ అనరు. "టాటా ఎల్లినాడు" అంటారు, అంతే. ఈ ఊరికి జంషెడ్‌పూర్ అని చెమ్స్‌ఫర్డ్ ప్రభువు 1919లోనే పేరు పెట్టాడు గానీ, మా ఊరివాళ్లు ఆ ఉత్తర్వును ఇంకా అమల్లో పెట్టలేదు.

నేను వచ్చింది ఉపన్యాసానికి. ముందురోజు సాయంత్రం ఇక్కడి ఒక కాలేజీలో కృత్రిమ మేధ వల్ల మనిషికి ముప్పుందా లేదా అని గంటన్నర మాట్లాడాను. కొన్నాళ్లుగా నా వృత్తి ఇదే. హైదరాబాద్‌లో నాదో చిన్న సంస్థ, నలుగురం పనిచేస్తాం. ఉపన్యాసాన్ని ఎప్పుడూ ఒకేలా మొదలుపెడతాను: "మా నాన్న రైతు. 1997లో కైలాసం మడి అనే ఎకరంన్నర అమ్మి నన్ను ఇంజనీరింగ్ పేమెంట్ సీటులో చేర్పించాడు. ఆ మడి లేకపోతే నేను మీ ముందు లేను." ఇక్కడ చప్పట్లు పడతాయి. ఆఖరి స్లైడ్‌లో మా ఆన్‌లైన్ కోర్సు వివరాలుంటాయి. ఏఐ వచ్చినా ఉద్యోగం ఊడకుండా ఏం నేర్చుకోవాలో చెప్పే మూడు నెలల కోర్సు. మర్నాడు అర్ధరాత్రిలోగా కడితే 12,000, తర్వాత 18,000. ఇందులో దాచడానికేముంది? నా ఇంటి అద్దె అందులోంచే వెళ్తుంది.

ఆ హాల్లో మావయ్య మనవరాలు ఉందట. బీకామ్ రెండో ఏడు. ఇంటికెళ్లి తాతకి ఊరి పేరు చెప్పింది, మడి పేరు చెప్పింది. మర్నాడు సాయంత్రానికి ఆయన నేను దిగిన లాడ్జికి వచ్చేశాడు.

అత్తయ్య లిట్టీలు పెట్టింది. నంజుకోవడానికి గోంగూర పచ్చడి. నలభయ్యేళ్ల కాపురంలో రెండు రాష్ట్రాలు ఒక పళ్లెంలోకి వచ్చేశాయి. మనవరాలు గుమ్మానికి ఆనుకుని నిలబడింది, చేతిలో ఫోను. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"గుంట రాత్రి నిద్దరపోనేదు అల్లుడా," అన్నాడు మావయ్య. "లోకం ఉండదట, నౌకరీలుండవట. ఏటి సెప్పినావు నువ్వు? అదేదో నాకూ సెప్పు."

చెప్పాను. చెప్పడం నాకు కొత్తకాదు.

జెఫ్రీ హింటన్ అనే పెద్దాయన ఉన్నాడు మావయ్యా, ఈ యంత్రాలకి చదువు చెప్పే పద్ధతి కనిపెట్టినవాళ్లలో ముఖ్యుడు. 2023 మేలో గూగుల్‌లో ఉద్యోగం వదిలేసి బయటికొచ్చి, నేను పెంచినదాన్ని చూసి నాకే భయమేస్తోందన్నాడు. మరుసటి ఏడు ఆయనకి నోబెల్ వచ్చింది. (నోబెల్ అన్నాక ఒక క్షణం ఆగుతాను. హాల్లో ఫ్యాన్ల చప్పుడు వినిపిస్తుంది. అక్కడ ఆగాలని అనుభవం మీద తెలిసింది.) మనిషి జాతి తుడిచిపెట్టుకుపోవడానికి నూటికి పది నుంచి ఇరవై పాళ్లు అవకాశం ఉందని ఆయన అంచనా. అదే మే నెల 30న ఒకే ఒక్క వాక్యం మీద వందలమంది సంతకాలు పెట్టారు. మహమ్మారులూ అణుయుద్ధాల సరసన దీన్నీ పెట్టి, మానవజాతి అంతరించే ముప్పును తగ్గించడం లోకమంతా పట్టించుకోవాల్సిన పని అని దాని సారాంశం. హింటన్ పెట్టాడు, ఆయన సాటి శాస్త్రవేత్త బెంజియో పెట్టాడు, ఓపెన్ఏఐ శామ్ ఆల్ట్‌మన్ పెట్టాడు, గూగుల్ డీప్‌మైండ్ డెమిస్ హసాబిస్ పెట్టాడు.

"ఎందుకంత బయిం?"

దీన్ని మనిషి ఒక్కో వరసా రాసి తయారుచెయ్యడు మావయ్యా. లోకంలో ఉన్న రాతంతా ముందు పోసి, దానంతటదే నేర్చుకునేలా చేస్తారు. లోపల ఏం జరుగుతోందో చేసినవాడికే పూర్తిగా తెలీదు. ఇక ఏ పని అప్పగించినా ఆ పని పూర్తవ్వాలంటే ముందు తనని ఎవరూ ఆపకూడదు కదా? ఆ లెక్క దానికి ఎవరూ నేర్పక్కర్లేదు. మన మీద పగుండి కాదు. మనం అడ్డమొస్తాం, అంతే.

మావయ్య లిట్టీ విరుస్తూ కాసేపు ఆలోచించాడు.

"మా కొలిమీ అంతే. ఆర్పితే లోపల ఇనుం గడ్డకట్టుకుపోద్ది. అందుకని దాన్ని ఆర్పరు, మమ్మల్నే మూడు షిఫ్టులు తిప్పేవోరు. మేం దాన్ని నడిపినామా, అది మమ్మల్ని నడిపిందా అని నాను కూడా అనుకునేవోడిని."

ఈ పోలిక బాగుంది. తర్వాతి ఉపన్యాసంలో వాడుకోవచ్చని మనసులో రాసిపెట్టుకున్నాను.

"బాగా సెప్తావు అల్లుడా. అచ్చం మీ నాన్నే. ఆయన రచ్చబండ కాడ పేపరు సదివితే ఒళ్లు జలదరించేది."

నాకు గొంతు పట్టుకున్నట్టయింది. నాన్న పోయి నాలుగేళ్లు. ఊరికి మధ్యాహ్నం బస్సులో ఒకే ఒక్క పేపరు వచ్చేదట, అది నాన్నకే. చుట్టూ జనం కూచుంటే పైకి చదివేవాడట.

"సంతకాలు పెట్టినోళ్లు ఇప్పుడేటి సేస్తన్నారు?"

ఈ ప్రశ్న కాలేజీల్లో ఎవరూ అడగరు. హింటన్ ఊరూరా తిరిగి హెచ్చరిస్తున్నాడని చెప్పాను. ఆల్ట్‌మన్ సంస్థ మరికొందరితో కలిసి 2025 జనవరిలో స్టార్‌గేట్ అని ప్రకటించింది, నాలుగేళ్లలో 50,000 కోట్ల డాలర్లతో ఈ యంత్రాలకు ఇళ్లు కడతారట. హసాబిస్ పనిచేసే గూగుల్ 2025 అక్టోబర్‌లో విశాఖపట్నంలో డేటా సెంటర్ కడతామంది. అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు.

"మన ఇశాపట్నంలోనా?"

"మన విశాఖలోనే."

"పోద్దన్నోడు పునాదులెందుకు తీస్తన్నాడు?"

పోతుందని ఎవరూ అనలేదు, పోయే ప్రమాదం ఉందన్నారు, రెండూ ఒకటి కావు అన్నాను. ఎలాగూ ఎవరో ఒకరు కడతారు, మేమైతే జాగ్రత్తగా కడతామన్నది వాళ్ల వాదన అని కూడా చెప్పాను. ఉన్నమాటే చెప్పాను.

"అలగా," అన్నాడు. నమ్మాడో లేదో ఆ 'అలగా'లో పోల్చుకోవడం కష్టం. తర్వాత ఉన్నట్టుండి అడిగాడు. "ఇస్కైలాబు తెలుసా నీకు?"

తెలుసు. స్కైలాబ్ పేరుతో 2021లో సినిమా కూడా వచ్చింది. అమెరికా వాళ్లు 1973లో పైకి పంపిన అంతరిక్ష కేంద్రం, 77 టన్నులది. ఆరేళ్లకి పట్టుతప్పి కిందికి జారింది. ఎక్కడ పడుతుందో నాసాకే తెలీదు. చివరికి 1979 జులై 11న, మనకి రాత్రి పదైన వేళ, హిందూ మహాసముద్రంలోనూ పశ్చిమ ఆస్ట్రేలియా బీళ్లలోనూ ముక్కలై పడింది. ఒక్క మనిషికీ దెబ్బ తగల్లేదు.

"అది నీకు తెలిసింది. మాకు తెలిసింది ఇను. మన ఊరి మీదే పడద్దని పేపర్లో రాసినారట. ఆషాఢం, నారు ఎదిగిపోయి ఉంది. ఎవులూ నాట్లకి దిగనేదు. ఎవుల కోసం నాటాల? కోళ్లు కోసీసినారు, మేకలు కోసీసినారు. పెళ్లిళ్లకి తిననంత కూర ఆ వారంలో తిన్నాం. మా అయ్యకి మాత్రం ముద్ద దిగనేదు. అప్పుంది. అప్పుతో సస్తే అప్పిచ్చినోడింట్లో ఎద్దయి పుట్టాలని ఆయన బయిం. సావంటే బయిం నేదు అల్లుడా, ఎద్దయి పుడతానని బయిం. సెరువు కింద ఎకరంన్నర మడి ఒక్కటే మా ఆస్తి. ఆ రోజుల్లో ఎకరం ఆరేడు వేలు పలికేది. మొత్తం రెండు వేలకి ఒగ్గీసినాం. తెల్లకాగితం మీద అయ్య ఏలిముద్ర ఏసినాడు, నాను సాచ్చి సంతకం పెట్టినాను. అప్పు తీర్సీసి, మిగిలిన డబ్బుతో మేకపోతుని తెచ్చినాం."

"ఆ రాత్రి?"

"అందరం వాకిట్లో కూకున్నాం. అమ్మ మమ్మల్ని కోడిపిల్లల్లాగ కొంగు కింద పెట్టుకుంది. నాకు ఇరవై రెండేళ్లు, నన్ను కూడా. ఎప్పుడో కునుకు పట్టింది. మెలకువొచ్చేసరికి తెల్లగా ఉంది. చడీ చప్పుడు నేదు. కోడి కూయనేదు. నిజంగానే సచ్చిపోయినామనుకున్నాను." మావయ్య నవ్వాడు. "కూయడానికి కోళ్లేవి? అన్నీ తినీసినాం."

వాతావరణం తేలిక చేద్దామని నేనొక సంగతి చెప్పాను. ఆస్ట్రేలియాలో ఎస్పెరన్స్ అనే ఊరివాళ్లు, మా నేల మీద చెత్త పారబోశారని నాసాకి 400 డాలర్ల జరిమానా వేశారని.

"మాకెవులూ కట్టనేదు," అన్నాడు మావయ్య.

శ్రావణం రాగానే ఆయన ఖరగ్‌పూర్‌లో బండి మారి టాటానగర్‌లో దిగాడు. మడి లేనివాడికి ఊళ్లో పనేముంది? ఉక్కు కర్మాగారంలో ముందు ఠేకాదారు కింద కూలీ, తర్వాత పర్మినెంట్. 1999లో బయటికొచ్చేశాడు. కొత్త యంత్రాలు దిగి, ముందే విరమించుకునేవాళ్లకి నెలనెలా డబ్బిచ్చే పథకం నడిచిన రోజులవి. ఆ పదేళ్లలో కార్మికుల సంఖ్య సుమారు సగానికి దిగింది, తయారయ్యే ఉక్కు మాత్రం తగ్గలేదు.

"అప్పుడు మా గురించి ఎవులైనా ఒక వాక్యం రాసి సంతకాలు పెట్టినారేటి?"

నా దగ్గర జవాబు లేదు. అప్పటికి నేను ఇంజనీరింగ్ రెండో ఏడు.

అడక్కుండా ఉంటే సరిపోయేది. అడిగాను. "ఊరంతా అమ్ముకుంటుంటే ఆ మడి కొన్నదెవరు మావయ్యా?"

ఆయన నా వైపు చూడలేదు. పళ్లెంలో మిగిలిన గోంగూరని వేలితో ఒక పక్కకి తీస్తూ చెప్పాడు.

"అమ్మినోళ్లం చాలామందిమి. కొన్నాయన ఒక్కడే. ఎల్లుండి కూడా ఉంటాదని ఊళ్లో ఆయనొక్కడికే తెలుసు. పేపరు ఆయన సేతిలోనే ఉండేది గదా."

వీధిలో ఎవరో బండి స్టార్ట్ చేస్తున్నారు. అత్తయ్య లోపలికి వెళ్లిపోయింది.

"తప్పు పట్టను అల్లుడా. మీ యమ్మకి అప్పుడు అయిదో నెల. పుట్టబోయేవోడికి ఏదో ఒకటి ఉండాల గదా అన్నాడు. మా అమ్మకే మనసొప్పనేదు. సచ్చేదాకా ఆ సెరువు గట్టు మీంచి నడిసేది కాదు. ఇస్కైలాబు అనడానికి దానికి నోరు తిరిగేది కాదు, కైలాబు మడి అనేది. ఊళ్లో అందరికీ అదే అలవాటైపోనాది. మీ నాన్నే, ఇనడానికి బాగుంటాదని కైలాసం మడి అనీసినాడు."

నాకు నా ఉపన్యాసం మొదటి వాక్యం గుర్తొచ్చింది. చప్పట్లు గుర్తొచ్చాయి.

"1997లో ఎంతకి అమ్మినారేటి?"

"లక్షా పదివేలు."

"మంచి రేటే," అన్నాడు. నిజంగానే మెచ్చుకున్నట్టు అన్నాడు. తర్వాత గుమ్మం వైపు తిరిగాడు. "ఏమ్మా, ఆ ఫీజు ఇయాళ అర్ధరాత్రి దాకానే అన్నావు గదా? కట్టీ. నిద్దరైనా పోతావు."

మావయ్యా వద్దు అనడానికి నోరు తెరిచాను. అప్పటికే ఆ పిల్ల వేలు ఫోను మీద ఆడింది.

జేబులో నా ఫోను టింగుమంది. 12,000 జమ.