హోదాలు వద్దన్న ఇల్లు

బెల్జియంలోని పోపరింగె అనే చిన్న ఊళ్లో ఉన్న పాత ఇంటిని నేను. బీరులో చేదు కోసం వేసే హాప్ పూల పంటకు మా చుట్టుపక్కల పల్లెలు పెట్టింది పేరు. నా యజమానిదీ ఆ వ్యాపారమే. వీధివైపు ఎత్తయిన కిటికీలు, వెనక విశాలమైన తోట, పైన హాప్‌లు నిల్వచేసే అటక. కలవారి ఇంటికి ఉండాల్సిన దర్జా అంతా ఉండేది నాకు. భక్తి గురించి, సేవ గురించి ఎన్నడూ ఆలోచించిన పాపాన పోలేదు. అలాంటి నా గదుల్లో ఒక సేవాసంఘం పుట్టింది. అందులో నా గొప్పేమీ లేదు, అంతా యుద్ధం చలవ.

1914లో జర్మన్ సేనలు బెల్జియాన్ని దాదాపుగా మింగేశాయి. మిగిలిన చిన్న ముక్కలో మా ఊరుంది. ఇక్కడికి 12 కిలోమీటర్ల దూరంలో ఈప్రె పట్టణం, దాని చుట్టూ కందకాలు. అక్కడికి వెళ్లే బ్రిటిష్ సైనికులూ, అక్కడినుంచి బతికి వచ్చినవాళ్లూ మా వీధుల మీదుగానే నడిచేవారు. ఒక ఫిరంగి గుండు నా వెనక భాగాన్ని కొట్టింది. యజమాని కుటుంబాన్ని తీసుకుని ఊరు విడిచాడు. సైన్యం నన్ను అద్దెకు తీసుకుంది.

అప్పుడు వచ్చాడు ఫిలిప్ క్లేటన్. ఇంగ్లండ్ చర్చి గురువు, సైన్యంలో చాప్లెయిన్. బొద్దుగా ఉండేవాడు కాబట్టి అందరికీ 'టబ్బీ'. ఆయన పై అధికారి నెవిల్ టాల్‌బట్ కూడా గురువే. నెవిల్ తమ్ముడు గిల్బర్ట్ 1915 జులై 30న హూగె దగ్గర చనిపోయాడు, 23 ఏళ్లకే. ఆ కుర్రవాడి గుర్తుగా నాకు 'టాల్‌బట్ హౌస్' అని పేరు పెట్టారు. 1915 డిసెంబరు 11న తలుపులు తెరిచారు. వీధి గుమ్మం మీద ఒక పలక వేలాడదీశారు. ప్రతి మనిషికీ ఇది క్లబ్బే అని దాని మీద రాసి, 1915 పక్కన గీత గీసి, ముగిసే ఏడాది ఉండాల్సిన చోట ప్రశ్నార్థకం పెట్టారు.

ఆ రోజుల్లో సైన్యంలో ఆఫీసర్లు తాగేచోట సిపాయిలు తాగరు, సిపాయిలు తినేచోట ఆఫీసర్లు తినరు. క్లేటన్ తన గది తలుపు మీద ఒక హెచ్చరిక రాశాడు: లోపలికి వచ్చేవారు హోదాను బయటే వదిలి రావాలని. తమాషాకే రాసినా, మాటకు కట్టుబడ్డాడు. టీ కప్పు పట్టుకుని జనరల్ పక్కన మామూలు సిపాయి కూర్చునేవాడు. మొదట ఇద్దరికీ ఇబ్బందే. రెండో కప్పుకి మాటలు కలిసేవి. ఇంటినిండా అలాంటి రాతలే ఉండేవి. నిరాశావాదులు బయటికి వెళ్లాల్సిన దారి ఇటు అంటూ వీధి తలుపుకేసి బాణం గుర్తు కూడా ఉండేది.

గ్రంథాలయంలో పుస్తకం కావాలంటే టోపీ తాకట్టు పెట్టాలి. నెత్తిన టోపీ లేకుండా వీధిలోకి వెళితే సైన్యంలో శిక్ష తప్పదు. కాబట్టి పుస్తకం ఎక్కడికీ పోయేది కాదు. గోడకు ఒక పటం ఉండేది. వచ్చిన ప్రతివాడూ తానున్న చోటును వేలితో చూపించేవాడు. అలా తాకీ తాకీ ఈప్రె ఉన్నచోట కాగితం అరిగిపోయి, ఊరే పటంలో లేకుండా పోయింది. అటకను చర్చిగా మార్చారు. నిచ్చెనలాంటి మెట్లెక్కి వెళ్లాలి. తోటలో దొరికిన వడ్రంగి బల్లే అక్కడ బలిపీఠం. ఆ నేల అంతమంది బరువు మోయలేదని ఇంజినీర్లు చెప్పినా క్లేటన్ వినలేదు. నేనూ ఎలాగో మోశాను. ప్రభు భోజనం తీసుకున్నవారి పేర్లను ఆయన చీటీల మీద రాయించి భద్రపరిచేవాడు. ఆ ఉదయం పేరు రాసినవాడు మరుసటి వారానికి ఉండకపోవడం మామూలే.

యుద్ధం ముగిసింది. యజమాని తిరిగొచ్చాడు, నేను మళ్లీ వ్యాపారి ఇంటినయ్యాను. క్లేటన్ ఆ చీటీల కట్ట పట్టుకుని ఇంగ్లండ్ వెళ్లాడు. కందకాల్లో భుజం భుజం కలిపినవాళ్లు ఇళ్లకు చేరగానే దొర దొరగా, కూలి కూలిగా మారిపోతారన్నదే ఆయన బెంగ. ప్రాణాలతో మిగిలినవారికి ఉత్తరాలు రాశాడు. అలా మొదలైంది 'టాక్ హెచ్'. టెలిఫోనులో అక్షరాలు పొరబడకుండా సైన్యంలో 'టి'ని 'టాక్' అనేవారు. అంటే టాల్‌బట్ హౌస్ పొడి అక్షరాలే ఆ సంఘం పేరయ్యాయి.

1920లో లండన్‌లో మొదటి వసతిగృహం తెరిచారు. ట్యాంకులకు పెట్టినట్టు సంఘం వసతిగృహాలకు మార్క్ 1, మార్క్ 2 అని పేర్లు పెట్టారు. గుమస్తా, విద్యార్థి, కార్మికుడు ఒకే కప్పు కింద ఉండేవారు. ఖర్చు ఇస్తే చాలదు, ప్రతివాడూ తీరిక వేళల్లో ఏదో ఒక ఊడిగం చేయాలి. బీద పిల్లల క్లబ్బు నడపడమో, ఆసుపత్రిలో దిక్కులేని రోగి పక్కన కూర్చోవడమో, చూపులేనివారికి చదివి వినిపించడమో. ఎవరికి ఏ పని అప్పగించాలో చూసేందుకు ప్రతి శాఖలో ఒక మనిషి ఉండేవాడు. 1930ల్లో కొందరు సభ్యులు కుష్ఠురోగులకు సేవ చేయడానికి నైజీరియా దాకా వెళ్లారు. కొచ్చిలో ఈనాటికీ టాక్ హెచ్ పేరుతో ఒక బడి నడుస్తోంది.

నిజం చెప్పాలంటే, హోదా వదలమన్న సంఘానికీ హోదా మీద మోజు తప్పలేదు. 1922లో రాజముద్ర ఉన్న చార్టర్ తెచ్చుకుంది. బ్రిటన్ యువరాజు పోషకుడయ్యాడు. ఆ డిసెంబరులో గిల్డ్‌హాల్‌లో సంఘం చిహ్నమైన దీపాన్ని మొట్టమొదట వెలిగించిందీ ఆయనే. ఆ దీపం వెలుగు ఎంత తక్కువంటే, ఇంగ్లిషువాళ్లు మందబుద్ధిని దానితో పోల్చి ఎగతాళి చేసేవారు. ఇక ఆడవాళ్ల సంగతి. యుద్ధకాలంలో నర్సులు ఒకరిద్దరు నా గడప తొక్కినా, సంఘం వాళ్లను సభ్యులుగా కాక సహాయకులుగా వేరే పీట వేసి కూర్చోబెట్టింది. హోదా ఒక తలుపు దగ్గర వదిలితే మరో తలుపులోంచి వస్తుందని అప్పుడు తెలిసింది.

1929లో లార్డ్ వేక్‌ఫీల్డ్ నన్ను కొని సంఘానికి ఇచ్చాడు. 1940లో జర్మన్లు మళ్లీ వస్తున్నారనగానే మా ఊరివాళ్లు బల్లలు, బొమ్మలు, పుస్తకాలు ఇళ్లకు మోసుకుపోయి దాచారు. 1944 సెప్టెంబరులో పోలిష్ సైనికులు ఊరిని విడిపించాక, ఒక్కొక్కటే తెచ్చి మళ్లీ ఎక్కడివక్కడ పెట్టారు. దాచమని ఎవరూ వాళ్లను అడగలేదు. ఆ సంఘంలో వాళ్లు సభ్యులూ కారు.

క్లేటన్ 1972లో పోయాడు. సంఘం చిక్కిపోయింది. అది చేసిన పనుల్లో చాలావాటిని ప్రభుత్వమూ ఇతర సంస్థలూ చేపట్టాయి. సేవాసంఘం చిన్నదైపోతే జనం అయ్యో అంటారు. నాకైతే అయ్యో అనిపించదు. అవసరం తీరితే తప్పుకోవడమే సేవకు పరువు. నేను మాత్రం ఇంకా తెరిచే ఉన్నాను. కింద మ్యూజియం, పైన బాటసారులకు గదులు. ఇంగ్లండ్ నుంచి వంతులవారీగా వచ్చే వలంటీర్లు జీతం లేకుండా టీ కలిపి పోస్తారు. ఏ ఉద్యోగం చేస్తారని మాత్రం ఎవరినీ అడగరు.