స్టెఫనీ కారు మళ్ళీ కాలెను: సటీకా తాత్పర్యము

మూలము: స్టెఫనీ కారు మళ్ళీ కాలెను.

అవతారిక. కోలాచలం మల్లినాథ సూరిది మెదక్ సీమలోని కొల్చారం అంటారు. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య మొదలుపెడుతూ ఆయన ముందే మాటిచ్చాడు, ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని. పై వాక్యానికి పూనుకున్న ఈ వ్యాఖ్యాత మొదటి షరతుకు కట్టుబడతాడు. రెండోదానికీ కట్టుబడితే వ్యాఖ్య ఇక్కడే అయిపోతుంది.

మూలవాక్యం ఈ రూపంలో ఏ పుస్తకంలోనూ దొరకదు. అమెరికా రచయిత్రి జానెట్ ఇవనోవిచ్ 1994లో ‘వన్ ఫర్ ద మనీ’తో మొదలుపెట్టి, 2024లో వచ్చిన ‘నౌ ఆర్ నెవర్’ దాకా వరస అంకెలతో 31 నవలలు రాసింది. వాటన్నిటి కథా ఒక్క ముక్కలో చెప్పమంటే ఈ నాలుగు మాటలే వస్తాయి. అంకె లేని పుస్తకాలు మరో నాలుగున్నాయి. వాటిని ప్రక్షిప్తాల కింద జమకట్టి వ్యాఖ్యాత పక్కన పెట్టాడు.

ప్రతిపదార్థము. స్టెఫనీ = ట్రెంటన్ నగర నివాసినియు, ఉద్యోగము పోయినదియు, అద్దె బాకీ పడినదియు, విడాకులు పొందినదియు, ముప్పదేండ్ల ప్రాయము గలదియు అగు స్టెఫనీ ప్లమ్ యొక్క; కారు = సొంతమో, అడిగి తెచ్చుకొన్నదో, అడుగకయే తెచ్చుకొన్నదో అగు వాహనము; మళ్ళీ = కిందటి నవలయందు వలెనే; కాలెను = పేలుట, దగ్ధమగుట, నుజ్జగుట అనువానిలో ఏదో ఒకదాని పాలయ్యెను.

ఇక ఒక్కో పదం.

‘స్టెఫనీ’. మొదటి నవల తెరుచుకునేసరికి ఈమె న్యూఅర్క్‌లో ఓ చవక దుకాణాల కంపెనీకి ఆడవాళ్ళ లోదుస్తులు కొనిపెట్టే ఉద్యోగం పోగొట్టుకుని ఉంటుంది. ఇంట్లో సామాన్లు ఒక్కొక్కటే అమ్ముకుంటోంది. కిస్తీలు కట్టలేదని మియాటా కారును ఫైనాన్స్ వాళ్ళు ఎత్తుకుపోయారు. గత్యంతరం లేక దగ్గరి చుట్టం వినీ నడిపే బెయిలు బాండ్ల ఆఫీసుకెళ్ళి, పని ఇవ్వకపోతే నీ చీకటి వ్యవహారాలు మీ ఆవిడకి చెప్తానని బెదిరించి పని సంపాదిస్తుంది. ఆ వ్యవహారాల్లో ఒక బాతు ప్రస్తావన వస్తుంది. శిష్టులు చదివే వ్యాఖ్య కనుక దాన్ని విప్పడం లేదు.

పని ఏమిటో మన పాఠకులకు కొంచెం వివరించాలి. మన కోర్టుల్లో బెయిలంటే ఇద్దరు షూరిటీలు, ఆస్తి కాగితాలు, బయట చెట్టు కింద ప్లీడరు గుమాస్తా. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో అది వ్యాపారం. లక్ష డాలర్ల బెయిలు పడితే నిందితుడు పదివేలు బాండ్ల కంపెనీకి కడతాడు, ఆ పదివేలు ఇక తిరిగి రావు. మొత్తం లక్షకూ కంపెనీ కోర్టుకు పూచీ పడుతుంది. వాయిదాకి నిందితుడు ఎగ్గొడితే డబ్బు పోయేది కంపెనీకే కాబట్టి వాణ్ణి పట్టుకొచ్చేందుకు మనిషిని పెడుతుంది. పట్టుకొస్తే సాధారణంగా బెయిల్లో పదో వంతు కూలి. పట్టుకురాకపోతే సున్నా. ఈ మనిషికున్న అధికారం మాత్రం మాటల్లో తక్కువేం కాదు. 1872 నాటి టేలర్ వర్సెస్ టెయింటర్ తీర్పులో అమెరికా సుప్రీం కోర్టు, పూచీ పడ్డవాడు నిందితుణ్ణి రాష్ట్రం దాటి వెళ్ళి పట్టుకోవచ్చనీ, ఆదివారమైనా పట్టుకోవచ్చనీ, అవసరమైతే ఇల్లు బద్దలుకొట్టి మరీ లోపలికి పోవచ్చనీ రాసింది. అంత అధికారమూ వచ్చి వచ్చి తుపాకీని బిస్కెట్ల డబ్బాలో దాచుకునే స్టెఫనీ చేతిలో పడింది. ఆ డబ్బా ఎలుగుబంటి ఆకారంలో ఉంటుంది. ఇంట్లో తోడుండేది రెక్స్ అనే హ్యామ్‌స్టర్, దాని పడక సూపు డబ్బా.

నాయికా విచారం. ఈమె అష్టవిధ నాయికల్లో ఎవరు? ఖండిత దశ మొదటి పుస్తకానికి ముందే ముగిసింది. భర్త డికీ ఓర్, చిన్ననాటి శత్రువు జాయిస్ బార్న్‌హార్ట్, భోజనాల బల్ల, ఈమె గుమ్మంలో. అక్కడితో ఆ కాపురం సరి. కథ నడిచేటప్పుడు ఈమె ప్రధానంగా అభిసారిక. చీకటిపడ్డాక ఒంటరిగా పురుషుడి ఇంటికి వెళ్తుంది, తలుపు తడుతుంది. లక్షణం చక్కగా సరిపోయింది. కాకపోతే చేతిలో బేడీలు, సంచిలో పెప్పర్ స్ప్రే ఉంటాయి, ఆ పురుషుడు కోర్టు వాయిదా ఎగ్గొట్టినవాడై ఉంటాడు. వాడు వెనక కిటికీలోంచి దూకి పారిపోగానే ఈమె విప్రలబ్ధ అవుతుంది. జో మొరెల్లి విషయంలో పుస్తకం విడిచి పుస్తకం కలహాంతరిత.

ఈ మొరెల్లి పోలీసు. మొదటి నవలలో ఈమె పట్టుకోవలసిన మొదటి నిందితుడూ ఇతనే, హత్య కేసు, లక్ష డాలర్ల బెయిలు, పట్టిస్తే పదివేలు. పైగా పాత బాకీ ఉంది. పదహారేళ్ళ వయసులో బేకరీలో తనని మోసపుచ్చి వెళ్ళిపోయినందుకు, తర్వాత ఒకనాడు రోడ్డు మీద కనిపిస్తే నాన్న బ్యూక్ కారుతో గుద్ది కాలు విరగ్గొట్టింది. పూర్వరాగం అంటే ఆలంకారికులు చెప్పింది ఇది కాదు గానీ, రాగం పూర్వమే కదా. రెండో నాయకుడు రేంజర్. ఎప్పుడూ నల్ల బట్టలు, పొదుపైన మాటలు, అంతులేని కార్లు. ఇద్దరిలో ఎవరన్నది పుస్తకాల తరబడి తేలలేదు. తేలితే తర్వాతి పుస్తకానికి పాఠకురాలు ఎందుకొస్తుంది?

‘కారు’. ఇక్కడ పాఠాంతరం ఉంది. ‘స్టెఫనీ కారు’ బదులు ‘స్టెఫనీ నడుపుచున్న కారు’ అనాలని వ్యాఖ్యాత మతం. కారణం మొదటి నవలలోనే ఉంది. అందులో పేలిన జీపు ఈమెది కాదు, మొరెల్లిది. అతను తప్పించుకు తిరుగుతుంటే ఈమె దాన్ని తీసుకుని దర్జాగా తిరుగుతోంది. బాంబు పేలినప్పుడు లోపల ఉన్నదీ ఈమె కాదు, అపెండిసైటిస్ వచ్చి సెలవు పెట్టి ఈమెకు ఈ పని దక్కడానికి కారణమైన పాత వేటగాడు మోర్టీ బేయర్స్. తన బండి కాదు, తన చావు కాదు, చీవాట్లు మాత్రం తనకి. సిరీస్ మొత్తం నడక ఆ ఒక్క పేలుడులో ఉంది.

అపవాదం: 1953 బ్యూక్ రోడ్‌మాస్టర్. సాండోర్ మామయ్య వృద్ధుల ఆశ్రమానికి పోతూ స్టెఫనీ అమ్మమ్మకు వదిలేసిన బండి, లేత నీలం, తెలుపు రంగులు. ఇది కాలదు, పేలదు, సొట్ట కూడా పడదు. ఎదుటి బండి నుజ్జవుతుంది, ఇది నిలబడి ఉంటుంది. రోడ్‌మాస్టర్‌కి ముందు రెక్కల మీద పక్కకి నాలుగేసి గుండ్రటి కన్నాలుంటాయి. ఆ ఏడాదే బ్యూక్ కంపెనీ అందులో కొత్త వీ-8 ఇంజను పెట్టింది. పెట్రోలు తాగడంలో దాని ముందు ఎవరూ నిలవలేరు. స్టెఫనీకి ఆ బండంటే అసహ్యం. నచ్చిన కారు బూడిదవడం, నచ్చనిది చిరంజీవి కావడం ఇక్కడి ధర్మం.

‘మళ్ళీ’. పూర్వపక్షి లేచి ఇది పునరుక్తి దోషం అంటాడు. ప్రతి పుస్తకంలోనూ కారు పోవాలి, ఆరు గంటలకి అమ్మ ఇంట్లో భోజనం ఉండాలి, అమ్మమ్మ మజూర్, స్టివా అంత్యక్రియల శాలకి వెళ్ళి మూసిన శవపేటిక మూత ఎత్తి చూడబోవాలి. 2011లో అయితే ఒకే ఏడాది రెండు పుస్తకాలు వచ్చాయి. దోషం కాకపోతే ఇదేమిటి?

సమాధానం. ఇవనోవిచ్ ఈ సిరీస్‌కి ముందు పన్నెండు ప్రేమ నవలలు రాసింది. పాఠకురాలు అదే ముగింపు కోసం మళ్ళీ డబ్బులు పెట్టి కొంటుందని అక్కడే తెలుసుకుంది. కనుక ఇది తెలిసి చేసిన పని. చూడ్డానికి పునరుక్తిలా ఉండి నిజానికి కానిదాన్ని పునరుక్తవదాభాసం అంటారు. మొదటి పది పన్నెండు పుస్తకాల వరకు ఆ అలంకారమే చెల్లుతుంది. ఆ తర్వాతివాటికి పూర్వపక్షి మాటే నెగ్గుతుందని వ్యాఖ్యాత ఒప్పుకుంటున్నాడు.

ఎందుకు నెగ్గుతుందో చెప్పాలి, అసలు సంగతి అక్కడుంది. మొదటి నవలలో నవ్వు వెనక రెండు భయాలున్నాయి. ఒకటి బెనిటో రామిరెజ్ అనే బాక్సరు. వాడు ఆడవాళ్ళని హింసిస్తాడు. స్టార్క్ వీధిలో ఒళ్ళమ్ముకుని బతికే లూలాని చావగొట్టి స్టెఫనీకి కనపడేలా కట్టి వదిలేస్తాడు. ఆ లూలాయే కోలుకుని, వినీ ఆఫీసులో ఫైళ్ళు సర్దే పనిలో చేరి, తర్వాతి పుస్తకాల్లో స్టెఫనీ పక్క సీట్లో కూర్చుని మనల్ని నవ్విస్తుంది. రెండోది అద్దె. కారు పోతే రేపు పనికి వెళ్ళే దారి లేదు, పనికి వెళ్ళకపోతే ఫ్రిజ్‌లో ఏమీ లేదు. డబ్బు లెక్క అంత కచ్చితంగా ఉంది కాబట్టే అమ్మా నాన్నల ఇంట్లో అమ్మమ్మ స్టెఫనీ తుపాకీ తీసి బల్ల మీది వేయించిన కోడిని కాల్చినప్పుడు నవ్వాగదు. అది ఆకలితో వచ్చిన పిల్ల తినబోయే కోడి.

తర్వాత రేంజర్ ఒకదాని వెనక ఒకటి నల్లటి ఖరీదైన బండ్లు తెచ్చి తాళాలు చేతిలో పెట్టడం మొదలయ్యాక మంట చల్లబడింది. ఎవరి సొమ్మూ కానిది కాలితే అది దీపావళి. ఒకటి పోతే మరునాడు వాకిట్లో మరొకటి ఉంటుంది. భయానకం పోయాక హాస్యం ఒంటికాలి మీద నిలబడింది.

‘కాలెను’. క్రియ భూతకాలం, ఫలితం వర్తమానం. నాన్న పోస్టాఫీసులో రిటైరై టాక్సీ నడుపుతుంటాడు, వార్త విని పళ్ళెంలోకే చూస్తాడు. అమ్మ ఇస్త్రీ పెట్టె తీస్తుంది. ఎంత పెద్ద దుర్ఘటనైతే అన్ని ఎక్కువ బట్టలు. బర్గ్ అని పిలుచుకునే ఛాంబర్స్‌బర్గ్ పేటలో వార్త కారు చల్లారకముందే వీధి చివరికి చేరుతుంది. ‘ఫలానావాళ్ళ కూతురు చక్కగా పెళ్ళి చేసుకుని బ్యాంకులో పని చేస్తోంది’ అన్న అమ్మ దెప్పుడుకి మన పాఠకులకు వేరే టీక అక్కర్లేదు. ఎడిసన్‌లో ఉన్న తెలుగువాళ్ళు రూట్ 1 పట్టుకుని దక్షిణంగా పోతే వచ్చే ఊరే ఈ ట్రెంటన్. డెలావేర్ నది మీద వంతెనకి ట్రెంటన్ తయారుచేస్తుంది, లోకం తీసుకుంటుంది అనే అర్థంలో పెద్ద అక్షరాల బోర్డు ఉంటుంది. ఫ్యాక్టరీలు మూతపడ్డాక కూడా బోర్డు దింపలేదు.

2012లో మొదటి నవల సినిమాగా వచ్చింది. క్యాథరిన్ హైగల్ స్టెఫనీ, డెబ్బీ రేనాల్డ్స్ అమ్మమ్మ. దానికి ఎవరూ వ్యాఖ్య అడగలేదు.

తాత్పర్యము. ట్రెంటన్‌లోని స్టెఫనీ అను యువతి పదో వంతు కూలికి పరారీ నిందితులను వెంటాడుచు, ఆ కూలిని మించిన విలువ గల వాహనమును మరల పోగొట్టుకొనెను అని భావము.

శంక. న్యూజెర్సీ రాష్ట్రం 2014లో కొత్త చట్టం చేసింది. అది 2017 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. నిందితుణ్ణి వదలాలా, లోపలే ఉంచాలా అన్నది ప్రమాద అంచనా చూసి జడ్జి తేలుస్తాడు. డబ్బు కట్టి బయటికొచ్చే పద్ధతి దాదాపు పోయింది. అలాంటప్పుడు 2017 తర్వాతి నవలల్లో వినీ ఎవరికి బాండ్లు రాస్తున్నాడు? స్టెఫనీ ఎవరిని వెంటాడుతోంది?

సమాధానం. చకోరాలు వెన్నెల తాగుతాయి. హంస నీళ్ళు వదిలేసి పాలు మాత్రం తీసుకుంటుంది. చూసినవాడు లేడు, కాదన్న కవీ లేడు. దీన్నే కవిసమయం అంటారు. 2017 తర్వాత ట్రెంటన్‌లో బెయిలు బాండ్ల ఆఫీసు కూడా ఆ కోవలోకే చేరుతుంది. కనుక హ్యామిల్టన్ ఎవెన్యూలో ఆ తలుపు రేపు పొద్దునా తెరుచుకుంటుంది, బల్ల దగ్గర ఆఫీసు చూసుకునే కోనీ రొసోలీ గోళ్ళకి రంగు ఆరబెట్టుకుంటూనే కొత్త ఫైలు స్టెఫనీ వైపు తోస్తుంది, కారు ఎక్కడ పెట్టావని లూలా అడుగుతుంది.