దొరగారి క్రియకు దాది యాస

ఇంగ్లీషు పుట్టుపూర్వోత్తరాలు రాసిన పండితులు చాలాకాలం ఒక వింత లెక్క కట్టారు. అయిదో శతాబ్దంలో ఆంగ్లో-సాక్సన్లు బ్రిటన్‌లో దిగేసరికి అక్కడ కెల్టిక్ భాషల జనం ఉన్నారు. వాళ్లనుంచి ఇంగ్లీషుకు దక్కిన మాటలు బహు కొద్ది: కొండరాతికి క్రాగ్, లోయకు కూమ్, మరికొన్ని. ఇక థేమ్స్, ఏవన్ లాంటి నదుల పేర్లు. కాబట్టి ప్రభావం సున్నా! కానుకల పట్టిక చిన్నదని పెళ్లే జరగలేదన్నట్టు. ఆ నదుల పేర్లు వీళ్లకు చెప్పిందెవరో మరి, శవాలా?

ఓడినవాడు ఏలినవాడి భాష నేర్చేటప్పుడు మాటలు ఆయనవే వాడతాడు. వాక్యం అల్లే తీరు మాత్రం తనది పోదు. తెలుగువాడి ఇంగ్లీషు విన్న ఎవరికైనా ఇది తెలుసు.

ఉత్తర ఇంగ్లండ్, స్కాట్లండ్ యాసల్లో ఒక పాత కట్టుబాటుంది. 'దే సింగ్' అంటారు, కానీ 'బర్డ్స్ సింగ్స్'. 'దే' లాంటి సర్వనామం క్రియను ఆనుకుని ఉంటే 'ఎస్' రాదు. ఎడంగా ఉంటే దానికీ 'ఎస్' తప్పదు: 'దే సింగ్ అండ్ డాన్సెస్'. పల్లెటూరి మొరటుతనమని కొట్టిపారేద్దామా? పక్కనే ఉన్న కెల్టిక్ భాష వేల్ష్ వాక్యాన్ని తెలుగులోకి దించి చూడండి: 'వాళ్లు పాడారు', కానీ 'పిల్లలు పాడాడు'! నామవాచకం బహువచనమైనా క్రియ ఏకవచనమే. ఇంగ్లీషుకు చుట్టమైన జర్మన్‌ను అడిగితే ఇలాంటి పట్టింపు తనకు లేదంటుంది. అయినా ఇదంతా కాకతాళీయమట!

పదో శతాబ్దంలో ఆల్డ్రెడ్ అనే మతాధికారి లిండిస్‌ఫార్న్ సువార్తల రాతప్రతిలో లాటిన్ పంక్తుల నడుమ ఉత్తరాది నార్తంబ్రియా ఇంగ్లీషులో అర్థాలు రాశాడు. అందులో క్రియల చివర పాత 'థ్', ఈ 'ఎస్'కు మూలమైన 'స్' ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఇది కెల్టుల ప్రమేయం లేని సొంతింటి మార్పేనని వాదించేవాళ్లున్నారు. వాదించనీయండి, సాక్ష్యం అరకొరే. అక్కడి కెల్టులు మాట్లాడిన కంబ్రిక్‌లో రాతలు దాదాపు మిగల్లేదు. నోరు నొక్కినవాడి వారసులే వాంగ్మూలం ఏదీ అని అడగడం ముచ్చటైన న్యాయం.

1955లో టోల్కీన్, హాబిట్ల కథలు రాసిన ఆ టోల్కీనే, ఆక్స్‌ఫర్డ్‌లో మరో పోలిక ఎత్తి చూపాడు: 'ఉండు' క్రియకు పాత ఇంగ్లీషులో రెండు వరుసల వర్తమాన రూపాలు, వేల్ష్‌లోనూ అంతే. ఇది ఆయన కల్పించిన లోకం కాదు. అలాగని ఇంగ్లీషులో వంకర కనబడ్డ చోటల్లా కెల్టునే చూసే భక్తబృందానికీ నా దండం.

ఇంతకీ దక్షిణాన లండన్‌లో ఒకప్పుడు 'హీ సింగెత్' అనేవారు. మన పిల్లవాడు 'హీ సింగ్' అని రాస్తే ఏ 'ఎస్' కోసం మాస్టారు ఎర్రసిరా ఒలకబోస్తారో, అది లండన్‌కు దిగివచ్చింది ఆ ఉత్తరాది మొరటు నోళ్లనుంచే.