దుప్పటి వెనక సముద్రం

మా మేనల్లుడి కాపురం శ్రీ విజయపురం (2024 దాకా పోర్ట్ బ్లెయిర్), జంగ్లీఘాట్‌లో. ఉద్యోగం హైదరాబాద్ స్టార్టప్‌లో. మధ్యలో బంగాళాఖాతం ఉందన్న సంగతి కంపెనీకి తెలుసు గానీ, పట్టించుకోదు.

వాడి తాత శ్రీకాకుళం నుంచి చేపల వేటకని వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. ఏ పని చెప్పినా "ఓడొచ్చాక సూద్దాంలే" అనేవాడు. ఓడంటే విశాఖ ఓడ. వస్తే నెలకోసారి. కనుక అది బద్ధకం కాదు, టైంటేబిలు. మనవడి నోట మాత్రం ఎప్పుడూ "ఏఎస్ఏపీ", అంటే తక్షణమే. అదెవరో ఆఫీసరనుకుంది మా అక్క. "ఎవుడ్రా ఆ ఏసేపు, నిన్నిలా కాల్చుకు తింటన్నాడు?" అని అడిగింది కూడా.

ఇంటినుంచే ఆఫీసు చేసే ఈ జాతి ఇక్కడ మొలిచింది 2020 ఆగస్టు 10 తర్వాత. ఆ రోజే చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల ఫైబర్ కేబుల్ ప్రారంభమైంది. అంతకుముందు ఉపగ్రహం దయ. ఫొటో తెరుచుకునేలోగా టీ తాగి రావచ్చు. కేబుల్ వెంబడే స్ప్రింట్లూ, స్టాండప్‌లూ వచ్చిపడ్డాయి. స్టాండప్ అంటే నిలబడి చేసే మీటింగట. మావాడు మంచం మీద చేస్తాడు.

మా సూర్యుడొకడు, కంపెనీ మాట వినడు. దేశం గడియారం 82.5 డిగ్రీల రేఖది, మేమున్నది 92 దాటాక. నలభై నిమిషాలు ముందే తెల్లారి, చలికాలం ఐదున్నరకల్లా చీకటి పడిపోతుంది. మేనేజరు పదింటికి ఆవలిస్తూ "గుడ్ మార్నింగ్ టీమ్" అనేసరికి మావాడికి మధ్యాహ్నం ఆకలి మొదలవుతుంది.

అసలు ముచ్చట వాడి కిటికీది. అందులోంచి చూస్తే పడవలు, వాటి వెనక నీలాల సముద్రం. మీటింగ్‌లో హైదరాబాద్ వాళ్ళందరూ తమ వెనక కొబ్బరిచెట్ల బీచి బొమ్మ పెట్టుకుంటారు. మావాడు మాత్రం నిజం సముద్రానికి అడ్డంగా గళ్ళ దుప్పటి కట్టేస్తాడు. ఎందుకురా అంటే, "కనిపిస్తే సెలవులో ఉన్నాననుకుంటారు మావా" అన్నాడు. మొదటి వారం ఒకసారి కనిపించిందట. "లైఫంటే నీదే బ్రో" అని, ఆ రోజే మూడు పనులు అదనంగా వేశారట.

ఓ రోజు నేనక్కడుండగానే మ్యూట్ నొక్కడం మర్చిపోయాడు. "ఒరే, వంజరం వొచ్చింది, ముక్కలెంత లావు కొట్టమంటావు?" అని మా అక్క వంటింట్లోంచి కేక. అటు పద్నాలుగు మంది నిశ్శబ్దం. చివరికి మేనేజరే గొంతు సవరించుకుని, పులుసుకైతే లావుగానే కొట్టించమన్నాడు. ఆ మాట చెప్పినప్పటి నుంచీ ఆయన మీద నాకు గౌరవం.

మొన్న వాడి టీంలో కుర్రాడు కొత్త పెళ్ళాంతో స్వరాజ్ ద్వీప్ వస్తూ, ఏ బీచి బావుంటుందని అడిగాడు. ఇక్కడే పుట్టి పెరిగిన మావాడు గూగుల్లో వెతికి చెప్పాడు.

మీరూ ఇటువైపు వస్తే వాడింటికి తప్పక వెళ్ళండి, అక్క పులుసు వండి పెడుతుంది. స్టాండప్ టైములో మాత్రం ఆ దుప్పటి తీయకండి.