దోహాలో సేటు కావడం ఎలా?

డిగ్రీ చేతబట్టుకుని జగిత్యాల బస్టాండు దగ్గర ఎన్నాళ్లని కూర్చుంటావు తమ్మీ? ఒకరి కింద చేయడం నీ వల్ల కాదన్నావు కదా, ఖతర్ పో, సొంత వ్యాపారం పెట్టు. పెట్టుబడి లేదనకు, అప్పు దొరుకుతుంది. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవాడికి తెల్లవారుజామునే మెలకువ వస్తుంది, వ్యాపారికి అంతకంటే కావాల్సిందేముంది?

లైసెన్సున్న ఏజెంటు జోలికి మాత్రం పోకు. ఫీజు 30 వేలు, పైన జీఎస్టీ అని రసీదు చేతిలో పెడతాడు. మేనమామ తోడల్లుడి దోస్తు తెచ్చే అజాద్ వీసా తీసుకో. లక్షల్లో అవుతుంది గానీ రసీదుల గొడవ ఉండదు. కాగితం మీద నువ్వు ఏదో కంపెనీ కూలీవి. ఆ కంపెనీలో పని ఉండదు. నీ పని నువ్వే వెతుక్కుని, ఏటేటా కఫీలుకు, అంటే నీ వీసా స్పాన్సరుకు, ఇంత అని కట్టాలి. అతను నీకు జీతమివ్వడు, నువ్వే అతనికిస్తావు. సేటువి నువ్వు కాక మరెవరు?

2021 మార్చి నుంచి అక్కడ కనీస వేతనం 1,000 రియాళ్లు. వసతి, తిండి పెట్టని కంపెనీ ఇంకో 500, 300 కలిపి ఇవ్వాలి. ఆ లెక్కలు జీతగాళ్లవి. నీకు పని దొరికిన రోజు డబ్బు, దొరకని రోజు స్వేచ్ఛ. బెడ్డు కిరాయి, మెస్సు, బతాకా అనే గుర్తింపు కార్డు రెన్యువలు మాత్రం రోజులు చూసుకోకుండా వస్తాయి.

మంచి వ్యాపారం చెప్పనా? క్షవరం. శుక్రవారం మధ్యాహ్నం లేబర్ క్యాంపు వెనక నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసి, మెడకు పాత దుప్పటి చుట్టి, ట్రిమ్మరు తియ్యి. తల సగం అయ్యాక గస్తీ బండి వస్తే కుర్చీ వదిలెయ్, ట్రిమ్మరు వదలకు. అనుమతి లేకుండా కఫీలు దగ్గర తప్ప ఇంకెక్కడ పనిచేసినా నేరమే కాబట్టి, పట్టుబడితే ఊరికి పంపించేస్తారు. అప్పు నీకంటే ముందే ఊళ్లో ఉంటుంది, దారి తప్పే భయం లేదు.

చట్టబద్ధంగా పెట్టాలనుంటే అదీ ఉంది. ఒకప్పుడు సాధారణంగా 51 శాతం వాటా ఖతరీదే కావాల్సి ఉండేది. 2019 చట్టంతో అనుమతి తెచ్చుకుంటే నూరు శాతం విదేశీయుడిదే కావచ్చు. ఆఫీసు, లైసెన్సు, మూలధనం చూపించు, చాలు. ఖతరీ కుర్రాడికి సర్కారీ కొలువు, ఖతర్ డెవలప్‌మెంట్ బ్యాంకు ఉన్నాయి గనుక అతనికి వ్యాపారం ముచ్చట. నీకు రెండూ లేవు గనుక నీకే పట్టుదల ఎక్కువ.

2022 ప్రపంచ కప్పు అయిపోయింది, స్టేడియాలూ మెట్రో కట్టడం ముగిసింది, ఇప్పుడు పనెక్కడ అని అడిగేవాళ్లుంటారు. పట్టించుకోకు. రాస్ లఫాన్ దగ్గర నార్త్ ఫీల్డ్ గ్యాస్ విస్తరణకు వెల్డర్లు, పైపు ఫిట్టర్లు కావాలంటారు. వెల్డింగ్ సర్టిఫికెట్ తీసుకున్నవాడు నెలనెలా బ్యాంకులో పడే జీతానికి అలవాటు పడి చెడిపోతాడు. 2020లో పాత యజమాని ఇచ్చే ఎన్‌ఓసీ అక్కర్లేకుండా కంపెనీ మారే వీలిచ్చారు, అదీ ఉద్యోగస్తుల సంగతే.

సెలవుకు ఊరొచ్చినప్పుడు బావమరిది నన్నూ తీసుకుపో అంటే కాదనకు. ఒక అజాద్ వీసా ఇప్పించు, ఏజెంటు దగ్గర కమీషను తీసుకో. ఇన్నాళ్ల వ్యాపారంలో నీకు మిగిలే లాభం అదొక్కటే.